అక్క చెప్పిన అంకె

ఫిబ్రవరి 3

అక్కా,

ఫోను చేయకుండా ఉత్తరం రాస్తున్నాడేమిటి వీడు అనుకుంటున్నావు కదూ. ఫోనులో మనిద్దరం రెండు మాటలు మాట్లాడుకుంటే మూడో మాటకి పోట్లాట మొదలవుతుంది. నువ్వు నన్ను పూర్తి చేయనివ్వవు, నేను నిన్ను మొదలుపెట్టనివ్వను. కాగితమైతే చచ్చినట్టు చివరిదాకా చదవాల్సిందే. అందుకని ఇది.

విషయం ఏమిటంటే, నన్ను బస్సు మీదనుంచి దించేశారు. కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. పోయిన నెల డిపోలో బస్సు కడిగించడానికి వరసలో పెట్టుకుని కూర్చున్నాను. ఇంజను నడుస్తూనే ఉంది, కాలు బ్రేకు మీదే ఉంది. ఎప్పుడు కునుకు పట్టిందో నాకే తెలియదు. కాలు జారింది, బస్సు మెల్లగా వెళ్ళి ఎదుటి గోడకి తగిలింది. ఖాళీ బస్సు కాబట్టి సరిపోయింది. అద్దం పగిలిన చప్పుడుకి గాని నాకు మెలకువ రాలేదు.

డిపో డాక్టరు నన్ను నిద్ర పరీక్షకి పంపించాడు. ఒళ్ళంతా వైర్లు అంటించి పడుకోమన్నారు. నిద్రలో నా గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగి ఆగి వస్తోందట. రాత్రంతా పడుకున్నా నాకు నిద్ర లేనట్టే లెక్కట. ఇన్నేళ్ళూ నా గురక గురించి మీ మరదలు తిట్టిన తిట్లన్నీ న్యాయమైనవేనని కాగితం మీద రాసిచ్చారు. ఆవిడ ఆ కాగితం జాగ్రత్తగా దాచుకుంది.

నీకున్న జబ్బే, నీకిచ్చిన మిషనే, మొహానికి మాస్కు బిగించి రాత్రంతా ముక్కులోకి గాలి కొట్టేది. కానీ అక్కా, అది పెట్టుకుని మనిషన్నవాడు ఎలా పడుకుంటాడు? నాకు ప్రెషర్ పన్నెండు మీద పెట్టారు. నడుస్తున్న బస్సు కిటికీలోంచి తల బయట పెట్టి పడుకున్నట్టుంది. గాలి లోపలికి తోసుకొస్తుంటే ఊపిరి బయటికి వదలాలంటే కుస్తీ పట్టాలి. మాస్కు పక్కనుంచి గాలి తప్పించుకుని కంట్లో కొడుతుంది. పొద్దున్నకి ముక్కు ఎండిపోతుంది. మొదటి రాత్రి ఆ తొండంతో నన్ను చూసి మీ మరదలు నవ్వు ఆపుకోలేక వంటగదిలోకి పారిపోయింది.

మిషనులో చిన్న కార్డు ఒకటుంది. ఎంతసేపు పెట్టుకున్నానో, ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో అన్నీ అందులో ఎక్కుతాయి. మూడు నెలల తరవాత డాక్టరు అది చూసి, బాగుంటే నా బస్సు నాకిస్తాడు. బాగాలేకపోతే ఇక ఈ జన్మకి స్టీరింగు ముట్టుకోనివ్వరు. ఇప్పుడు కూర్చోబెట్టిన టైర్ల గదిలోనే రిటైరయ్యేదాకా కూర్చోవాలి. నాకు బస్సు నడపడం తప్ప ఇంకేదీ రాదు. రావాలని కూడా లేదు.

నిన్న రాత్రి మాస్కు పీకి గోడకేసి కొట్టబోయాను. మీ మరదలు చెయ్యి పట్టుకుంది. నువ్వెలా పడుకుంటున్నావో రాయి.

నీ తమ్ముడు

ఫిబ్రవరి 9

ఒరేయ్ మొద్దూ,

ఉత్తరం చదివి కుట్టు మిషను ముందు అలాగే కూర్చుండిపోయాను. మీ బావ మంచినీళ్ళు తెచ్చిస్తే గాని తేరుకోలేదు. ఖాళీ బస్సు కాబట్టి సరిపోయిందంటావా! నువ్వున్నావు కదరా అందులో. నువ్వు ఖాళీయా?

చిన్నప్పుడు ఎంత లేపినా లేవడం లేదని నీకు మొద్దు అని పేరు పెట్టింది నేనే. అది జబ్బని తెలిసుంటే పెట్టేదాన్ని కాదు. ఇప్పుడు మార్చుకోవడం నా వల్ల కాదు, సర్దుకో.

నా సంగతి నీకు పూర్తిగా చెప్పలేదు, నవ్వుతావని. ఈ గాలి మిషను రాకముందు ఒకరోజు ఒక పెద్దమనిషి కోటు చెయ్యి కుడుతూ కునికిపాట్లు పడ్డాను. కళ్ళు తెరిచి లేవబోతే కోటు నాతోపాటు లేచింది. నా చొక్కా చేతిని ఆయన కోటుకి కలిపి కుట్టేసుకున్నాను. ఆయన ఎదురుగా బల్ల మీదే కూర్చుని ఉన్నాడు పాపం. ఆ మర్నాడే డాక్టరు దగ్గరికి పోయాను.

ఇప్పుడు అసలు సంగతి విను. నాకు వాళ్ళు పెట్టింది ఎనిమిది. హాయిగా ఉంటుంది, గాలి వస్తోందో లేదో కూడా తెలియదు. నీకు పన్నెండు ఎందుకు పెట్టారో నాకర్థం కాలేదు. మనం ఒక కడుపున పుట్టినవాళ్ళం. అదే ముక్కు, అదే పొట్టి మెడ. ఒకే జత చెప్పులు ఇద్దరం మార్చి మార్చి వేసుకుని పెరిగాం. నాన్న కళ్ళజోడు అమ్మకి, అమ్మది నాకు, నాది నీకు సరిపోయాయా లేదా? నా దగ్గు మందు తాగి నీకు దగ్గు తగ్గిందా లేదా? మనింట్లో ఒకరికి పడింది ఇంకొకరికి పడకపోవడం ఎప్పుడైనా చూశావా?

కాబట్టి నువ్వు కూడా ఎనిమిది మీద పెట్టుకో. మిషను బిగించడానికి వచ్చినాయన రెండు బొత్తాలు కలిపి నొక్కి పట్టుకుంటే లోపలి అంకెలు బయటపడ్డాయి. నేను పక్కనే నిలబడి చూశాను, నా కళ్ళకి ఏదీ తప్పదు. ఎలాగో విడిగా చీటీ మీద బొమ్మ గీసి పెట్టాను.

అంతేగాని గోడకేసి కొట్టకు. మా మరదలికి చెప్పు, నవ్వితే నవ్వింది గాని చెయ్యి పట్టుకుంది చూడు, ఆ చెయ్యి చల్లగా ఉండాలి.

మీ బావ మోకాలు తప్ప ఇక్కడ అన్నీ బాగున్నాయి.

అక్క

ఫిబ్రవరి 17

అక్కా,

నా నెత్తిన పాలు పోశావు. ఇంకేం రాయాలో తెలియడం లేదు.

నీ చీటీ ముందు పెట్టుకుని బొత్తాలు నొక్కాను. ఎనిమిది. మాస్కు పెట్టుకుని పడుకున్నాను. తుఫాను కాస్తా పిల్లగాలి అయిపోయింది. కంట్లో గాలి కొట్టడం లేదు, ఊపిరి వదలడానికి కుస్తీ లేదు. పొద్దున్న లేచేసరికి మాస్కు మొహం మీదే ఉంది, ఇంతకుముందు ఎప్పుడూ మంచం కింద దొరికేది. అప్పటినుంచి ఒక్క రాత్రి మానలేదు. ఆ ఆసుపత్రిలో అంత చదువుకున్నవాళ్ళు చేయలేని పని మా అక్క ఒక్క చీటీతో చేసిందని మీ మరదలితో అన్నాను.

ఇంకా కొంచెం గురక వస్తోందని మీ మరదలు అంటోంది. కొంచెం ఉండనీయవే, అసలే లేకపోతే నేనున్నానో లేనో అని నీకే భయం వేస్తుంది అన్నాను. ఆవిడ నవ్వలేదు.

టైర్ల గది గురించి ఏం రాయను? కిటికీ ఒకటి ఉంది. అందులోంచి నా బస్సు రోజూ బయటికి పోవడం కనిపిస్తుంది. ఇప్పుడు దాన్ని నడిపేవాడు రెండో గేరు కరకరలాడిస్తాడు. ప్రతిసారీ నా పళ్ళు కొరుక్కుంటాను. ఏం ఫరవాలేదు, మే నెలలో తీసేసుకుంటాను.

నీ పుణ్యమే అక్కా ఇదంతా.

తమ్ముడు

మార్చి 6

ఒరేయ్ మొద్దూ,

నీ ఉత్తరం మీ బావకి రెండుసార్లు చదివి వినిపించాను. మూడోసారి మొదలుపెడితే ఆయన మోకాలు నొప్పి అని లేచిపోయాడు. ఈయన ఎప్పుడూ నా సలహా వినడు, వినుంటే ఆ మోకాలు ఎప్పుడో బాగుపడేది. ఇంట్లో విలువ లేకపోయినా కనీసం తమ్ముడి దగ్గర ఉందని తెలిసి కడుపు నిండిపోయింది.

నువ్వు మళ్ళీ బస్సెక్కే రోజుకి కొత్త యూనిఫారం నేను కుడతాను. డిపోలో ఇచ్చే సంచి లాంటి చొక్కా వేసుకుని ఎక్కావో ఊరుకోను. ఖాకీ బట్ట మంచిది దొరికింది, తీసి పెట్టాను. కొలతలు పంపించు. నా దగ్గర నీ పాత కొలతలున్నాయి గాని వాటితో కుట్టను. పోయిన ఏటి కొలతతో ఈ ఏడు కుట్టే అలవాటు నాకు లేదు. మెడ, భుజాలు, ఛాతీ, పొట్ట, చేతి పొడవు, అన్నీ మా మరదల్ని టేపు పెట్టి కొలవమను. పొట్ట దగ్గర ఊపిరి బిగబట్టి మోసం చేయకు.

కొంచెం గురక అంటే ఏం కాదులే. నాకూ జలుబు చేసినప్పుడు వస్తుంది.

అక్క

ఏప్రిల్ 2

అక్కా,

కొలతలు విడి కాగితం మీద ఉన్నాయి. పొట్ట కొలిచేటప్పుడు మీ మరదలు కబుర్లు చెప్పి నా ఊపిరి వదిలించి మరీ కొలిచింది. ఆడవాళ్ళంతా ఒకటే.

నేను బాగానే ఉన్నాను. మిషను రోజూ పెట్టుకుంటున్నాను. టైర్ల గదిలో గాలి ఆడదు, అందుకని మధ్యాహ్నం పూట కొంచెం మత్తుగా ఉంటుంది, అంతే. పొద్దున్నే తలనొప్పి వస్తోంది, అది రబ్బరు వాసనకి. మొన్న టైర్ల మీద నంబర్లు రాసుకుంటుంటే ఒకే నంబరు వరసగా ఎన్నో టైర్లకి రాసేశానట. స్టోరు పెద్దాయన పెద్ద మనసుతో ఏమీ అనలేదు. నీకు చెప్పాలనుకున్నది ఏమిటంటే నిన్న సాయంత్రం మీ మరదలు

క్షమించు, పైన గీత కిందిదాకా పోయింది. పెన్ను జారింది. ఏం చెప్పాలనుకున్నానో మర్చిపోయాను. ఏదో మంచి విషయమే.

కార్డు చూసే రోజు దగ్గరికొస్తోంది. గంటలన్నీ నిండుగా ఉన్నాయి, నాకేం భయం లేదు. నీకు మళ్ళీ మళ్ళీ దండాలు.

తమ్ముడు

ఏప్రిల్ 10

ఒరేయ్,

అదేం ఉత్తరంరా? సగంలో గీత కొండ మీదనుంచి పడ్డట్టు కాగితం అంచుదాకా పోయింది. టీవీ చూస్తూ రాశావా, నిజం చెప్పు. నాకు ఉత్తరం రాసేటప్పుడు కూడా మనసు ఇంకో చోటేనా? మా మరదలు నిన్న సాయంత్రం ఏం చేసిందో తెలియక నాకు ఇక్కడ పని సాగడం లేదు. ఆవిడ బాగానే ఉంది కదా? ఇద్దరూ పోట్లాడుకున్నారా? నా దగ్గర దాచకు.

యూనిఫారం కుట్టి పార్సిల్ చేశాను. మెడ దగ్గర రెండుసార్లు విప్పి కుట్టాను, మాస్కు పట్టీలు ఒరుసుకున్న చోట కాలరు గుచ్చుకోకూడదని. జేబు కొంచెం లోతుగా పెట్టాను, నీ పెన్ను జారిపోకుండా!

డాక్టరు చూసిన రోజే రాయి. ఆలస్యం చేయకు.

అక్క

మే 9

అక్కా,

యూనిఫారం అందింది. వేసుకుని అద్దం ముందు నిలబడ్డాను. ఇన్నేళ్ళ సర్వీసులో నా ఒంటికి ఇంత సరిగ్గా పట్టిన చొక్కా లేదు. మీ మరదలు వెనక నిలబడి భుజాలు సర్దింది. ఆవిడా నేనూ పోట్లాడుకోలేదు, నువ్వు అనవసరంగా బెంగ పెట్టుకోకు.

డాక్టరు కార్డు చూశాడు. గంటలు భేష్ అన్నాడు. కానీ ఊపిరి ఆగడం పెద్దగా తగ్గలేదట. ఇంత శ్రద్ధగా పెట్టుకున్నా తగ్గలేదంటే ఈ మిషను మీకు పనిచేసే రకం కాదేమో అన్నాడు. ఆయనేం చెడ్డవాడు కాదు, చెప్పడానికి ఆయనే ఇబ్బంది పడ్డాడు. నెలాఖరుకి నన్ను టైర్ల గదిలోనే శాశ్వతంగా వేస్తూ రాసి పంపుతారట.

ప్రెషర్ ఎంత మీద ఉందని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. చెప్పి ఏం లాభం? నా శరీరమే అంత. ఇందులో మిషను తప్పూ లేదు, నీ తప్పూ లేదు. నీ మాట విన్నాను కాబట్టే ఈ మూడు నెలలూ మాస్కు పెట్టుకుని పడుకోగలిగాను. నువ్వు చేసింది నేను ఈ జన్మలో మరిచిపోను.

యూనిఫారం మడతపెట్టి బీరువాలో పెట్టించాను. నువ్వు బాధపడకు. టైర్లకి కూడా మనిషి కావాలి కదా.

తమ్ముడు

మే 14

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చదివాక ఆ పూట అన్నం ముట్టలేదు. టైర్లకి మనిషి కావాలా! ఎవడు రాయమన్నాడు నిన్ను అలాంటి మాటలు?

నువ్వు మంచివాడివని అందరూ నీ నెత్తినెక్కుతున్నారు. నీ శరీరం అంతట, మిషను పనిచేసే రకం కాదట! అదే మిషను, అదే ఎనిమిది, నాకు పనిచేయడం లేదా? ఆ డాక్టరుకి చదవడం రాక నీ మీద పెట్టాడు. నువ్వు నోరు విప్పవని నాకు తెలుసు, అందుకని నేనే ఆయనకి ఉత్తరం రాసి పోస్టులో వేసేశాను. మీ బావ వద్దు వద్దంటూ గుమ్మందాకా కుంటుకుంటూ వచ్చాడు. నేను ఆగలేదు.

మర్యాదగానే రాశాను. 'అయ్యా, మా తమ్ముడు ఒక్క రాత్రి మానకుండా మిషను పెట్టుకున్నాడు. మీవాళ్ళు పెట్టిన పన్నెండు పడక చస్తుంటే, అదే జబ్బు ఉన్న దాన్ని కాబట్టి నేను చెప్పి ఎనిమిది మీద పెట్టించాను. అప్పటినుంచి హాయిగా పడుకుంటున్నాడు. ఇంత క్రమశిక్షణ గల మనిషిని టైర్ల గదిలో పడేయడానికి మీకు చేతులెలా వచ్చాయి?' అని. చివర నా పేరు, షాపు అడ్రసు కూడా రాశాను. నాకేం భయం?

నువ్వు బీరువాలోంచి ఆ యూనిఫారం తీసి బయట తగిలించు.

అక్క

మే 28

అక్కా,

కూర్చుని చదువు. బావని కూడా పక్కన కూర్చోమను.

డాక్టరు నన్ను పిలిపించాడు. వెళ్ళేసరికి ఆయన బల్ల మీద నీ ఉత్తరం.

"మీకు అక్కగారు ఉన్నారా?" అన్నాడు.

"ఉన్నారండీ."

"బాగా కోపిష్టా?"

"చాలా మంచిదండీ."

"నేను అడిగింది అది కాదు" అన్నాడు. అని ఉత్తరం పైకి చదివాడు. ఎనిమిది అన్న చోట ఆగిపోయాడు. మళ్ళీ చదివాడు. "ఎనిమిదా?" అన్నాడు. సొరుగులోంచి నా కార్డు తాలూకు కాగితం తీసి చూశాడు. అడుగున చిన్న అక్షరాలతో ప్రెషర్ ఎనిమిది అని ఉండనే ఉంది. ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. అందరూ గంటలూ ఊపిర్లూ చూశారు.

"ఎవరు మార్చారు?" అన్నాడు.

"నేనేనండీ. మా అక్కకి ఏ సంబంధం లేదు" అన్నాను.

ఆయన నీ ఉత్తరం నా వైపు తిప్పి చూపించాడు. అక్కడే నవ్వేశాడు. తరవాత గట్టిగానే చీవాట్లు పెట్టాడనుకో. నా గొంతు తెరుచుకోవడానికి పన్నెండు కావాలని పరీక్షలో తేలాక పెట్టిన అంకె అది. ఎనిమిదితో సగమే తెరుచుకుంటోంది. పొద్దున తలనొప్పి, మధ్యాహ్నం మత్తు, టైర్ల నంబర్లు, నీకు రాసిన ఉత్తరంలో జారిన పెన్ను, అన్నీ దానివల్లే. తలనొప్పి వచ్చేది రబ్బరు వాసనకి కాదన్నమాట.

అప్పుడే నన్ను ఊపిరి పరీక్షల గదిలో ఈ మిషన్లు సరిచేసే ఆవిడ దగ్గరికి పంపాడు. పన్నెండు భరించలేకపోయానంటే ఆవిడ కోప్పడలేదు. ముందే వచ్చి చెప్పొచ్చు కదండీ, సుఖంగా ఉండేలా చేయడానికి మా దగ్గర సవాలక్ష దారులున్నాయి అంది. ఇప్పుడు పడుకోగానే గాలి చాలా తక్కువ మీద మొదలవుతుంది. నేను నిద్రలోకి జారుకునేలోపు మెల్లగా పన్నెండుకి ఎక్కుతుంది. మొదటి గేరులో కదిలించి పైకి తీసుకుపోయినట్టే. ఊపిరి వదిలేటప్పుడు దానంతట అదే కాస్త తగ్గి దారిస్తుంది. గాలి వెచ్చని నీటి మీదుగా వచ్చేలా చేసింది, ముక్కు ఎండడం లేదు. మాస్కు నాకు ఒక సైజు పెద్దదట, మొహం కొలిచి చిన్నది ఇచ్చింది.

మొదటి రాత్రి పడుకున్నాను. పొద్దున్న లేచి చూస్తే మీ మరదలు మంచం మీద కూర్చుని నన్నే చూస్తోంది. ఏమైంది అన్నాను. ఏమీ కాలేదు, రాత్రంతా ఏమీ కాలేదు అని ఏడ్చింది. నాకు కల వచ్చింది అక్కా. ఎన్నేళ్ళయిందో కల వచ్చి.

టైర్ల గది ఉత్తర్వు ఆపించాడు డాక్టరు. రెండు నెలలు చూసి, కార్డు బాగుంటే బస్సు ఇస్తాడట. నీ ఉత్తరం వెళ్ళకపోయి ఉంటే ఈపాటికి నా పని అయిపోయేది. నీకు నా ధన్యవాదాలు.

తమ్ముడు

జూన్ 4

తమ్ముడూ,

ధన్యవాదాలు రాశావు. చదివాను. అంత ఎత్తిపొడుపు అక్కర్లేదు, తిట్టదలుచుకుంటే నేరుగానే తిట్టు.

పదిమంది ముందు తల తీసేసినట్టుంది నాకు. కొలత తీసుకోకుండా గుడ్డకి కత్తెర పెట్టనిదాన్ని నేను. కవలపిల్లలొస్తే ఇద్దరికీ విడివిడిగా టేపు పెట్టేదాన్ని. నీ చొక్కాకి పాత కొలతలు పనికిరావని నీకే రాశాను. నీ ఊపిరికి మాత్రం నా కొలత పెట్టాను. ఎలా పెట్టానో నాకే తెలియడం లేదు. చెప్పులూ కళ్ళజోళ్ళూ అని ఎంత గొప్పగా రాశాను! నాన్న కళ్ళజోడుతో అమ్మ వాకిట్లో రెండుసార్లు పడింది. ఆ సంగతి ఎందుకు రాయలేదు?

మూడు నెలలపాటు రోజూ రాత్రి నీ గొంతు మూసుకుపోయింది. నేను ఇక్కడ నీ పొగడ్తలు మీ బావకి చదివి వినిపించుకున్నాను. మా మరదలు గురక వస్తోందంటే జలుబు అని రాశాను. నీకు ఏమైనా అయి ఉంటే ఆవిడ మొహం నేను ఎలా చూసేదాన్ని?

ఇక నీకు ఏ సలహా ఇవ్వను. ఉత్తరాలు కూడా రాయను. నా నోరూ చెయ్యీ రెండూ మంచివి కావు.

దీనితోపాటు మాస్కు పట్టీలకి మెత్తటి నూలు తొడుగులు కుట్టి పంపుతున్నాను, చెంపల మీద అచ్చులు పడకుండా. ఆ గదిలో ఆవిడ సరేనంటేనే వేసుకో. వద్దంటే పారేయ్.

అక్క

జూన్ 12

అక్కా,

ఎత్తిపొడుపా? నేను నీకు? ఎత్తిపొడవడం నాకొస్తే టైర్ల గదిలో ఎందుకుంటాను?

నేను నిజంగానే ధన్యవాదాలు రాశాను. నీకు అర్థం కాలేదు కాబట్టి వివరంగా రాస్తున్నాను, చివరిదాకా చదువు. ఫిబ్రవరిలో నేను మిషను వదిలేయడానికి నిశ్చయించుకున్నాను. నీకు మొదటి ఉత్తరం రాసిన రోజే దాన్ని డబ్బాలో పెట్టి కట్టేశాను. ఆ మాట నీకు రాయలేదు. నీ చీటీ వచ్చాక డబ్బా విప్పాను. ఎనిమిది తప్పు అంకే కావచ్చు, ఆ తప్పు అంకెతోనే నేను మొహం మీద మాస్కు పెట్టుకుని నిద్రపోవడం నేర్చుకున్నాను. ఊపిరి పరీక్షల గదిలో ఆవిడ కూడా అదే అంది. చాలామంది మొదటి నెలలోనే అటక మీద పడేస్తారట. మీరు మాత్రం ఒక్క రాత్రి మానలేదు, ఎలాగండీ అని అడిగింది. మా అక్క చెప్పిందండీ అన్నాను. ఇంకేం చెప్పను? అదే నిజం.

తప్పులో నా వాటా కూడా ఉంది. తలనొప్పి వస్తున్నప్పుడు డాక్టరుకి చెప్పకుండా నీకు రబ్బరు వాసన అని రాశాను. నువ్వు చిన్నబుచ్చుకుంటావని డాక్టరుకి అంకె చెప్పలేదు. కృతజ్ఞత ఉంటే నిజం చెప్పాలి గాని నోరు మూసుకోకూడదని ఈ వయసులో తెలిసింది.

తొడుగులు ఆవిడకి చూపించాను. ఎవరు కుట్టారు, ఇంకా కావాలంటే కుట్టిస్తారా అని అడిగింది. పేషెంట్లందరికీ చెంపల మీద అచ్చులు పడుతున్నాయట. నీ షాపు అడ్రసు ఇచ్చాను. అందరికీ విడివిడిగా కొలతలు పంపమన్నాను, కోప్పడకు!

ఉత్తరాలు రాయననే మాట ఇంకోసారి రాయకు. నువ్వు తిట్టకపోతే నాకు తోచదు.

తమ్ముడు

ఆగస్టు 2

ఒరేయ్ మొద్దూ,

బస్సు ఇచ్చేశారన్న కబురు మా మరదలు ఫోను చేసి చెప్పింది. నీకంటే ముందు తనే చెప్పాలని నీ చేతిలోంచి ఫోను లాక్కుందట, బాగా చేసింది. వంటగదిలో నిలబడి ఇద్దరం ఫోనులో ఏడ్చుకున్నాం. కార్డు అంత బాగా వచ్చిందా! డాక్టరు నన్ను అడిగానని చెప్పమన్నాడా! ఆయన మంచివాడే, నేనే తొందరపడ్డాను.

మా ఊరి రూటే ఇచ్చారని విని సంతోషం. కానీ నేను ఇప్పుడప్పుడే నీ బస్సెక్కను. ఏమీ అనుకోకు. నీ మీద నమ్మకం లేక కాదు. నేను వెనక కూర్చున్నానంటే నువ్వు అద్దంలో నన్నే చూస్తావు. నేను నీ మెడ వంకే చూస్తూ కూర్చుంటాను, అది వాలుతుందేమోనని. ఇద్దరికీ మంచిది కాదు. నా మనసు కొంచెం కుదుటపడనీ. అప్పుడు చూద్దాం.

తొడుగులకి గిరాకీ బాగానే ఉంది. మీ బావ పట్టీలు కత్తిరించి ఇస్తున్నాడు. మోకాలి గురించి ఆయనకి ఇక ఏ సలహా ఇవ్వడం లేదు. దిగులు పెట్టుకున్నాడు.

అక్క

ఆగస్టు 19

అక్కా,

ఇప్పుడప్పుడే ఎక్కనన్నావు. మరి నిన్న తలకి స్కార్ఫు చుట్టుకుని, బావ నల్లకళ్ళజోడు పెట్టుకుని, మూడో వరసలో కిటికీ పక్కన కూర్చున్నదెవరు? మీ ఊరి స్టాండులో నువ్వు మెట్టెక్కుతుండగానే గుర్తుపట్టాను. బస్సు మెట్టు నీలా కుడికాలు మోపి నిట్టూర్చి ఎక్కేవాళ్ళు ఇంకెవరూ లేరు. నువ్వు ముచ్చటపడి దాక్కుంటున్నావు కదా అని ఊరుకున్నాను.

నా మెడ కాపలా కాయడానికి వచ్చావని తెలుసు. అద్దంలో ఒక్కసారే చూశాను, ఒట్టు. నల్లద్దాల్లోంచి నన్నే చూస్తున్నావు, పిడికిళ్ళు బిగించుకుని. రోడ్డు చూసుకోవాలి కాబట్టి మళ్ళీ చూడలేదు. వంతెన దాటాక వెనకనుంచి గురక వినిపించింది. కండక్టరు నా దగ్గరికొచ్చి "ఎవరన్నా అది, ఇంజను చప్పుడు కూడా వినపడనివ్వడం లేదు" అన్నాడు. "మా అక్క. లేపావో చూడు" అన్నాను.

చివరి స్టాపులో అందరూ దిగిపోయారు. నువ్వు దిగలేదు. నేను ఇంజను ఆపి వచ్చి నీ ఎదుటి సీట్లో కూర్చున్నాను. నోరు కొంచెం తెరిచి, తల కిటికీకి ఆనించి పడుకున్నావు. అప్పుడే నీ గురక ఆగిపోయింది. ఊపిరి కూడా ఆగిపోయింది. నీ ఛాతీ కదలడం లేదు. అక్కా, నాకు ప్రాణం పోయినట్టయింది. లేపుదామని చెయ్యి చాపేలోగా ఒక్క ఉలుకు ఉలికి, పెద్దగా ఊపిరి తీసుకుని మళ్ళీ గుర్రు మొదలుపెట్టావు. మీ మరదలు ఇన్నేళ్ళూ ప్రతి రాత్రీ చూసింది ఇదేనా అనిపించింది. ఇంటికెళ్ళగానే ఆవిడకి దణ్ణం పెట్టాను. ఏమైందో తెలియక భయపడిపోయింది.

భుజం తట్టి లేపితే "నేను నిద్రపోలేదు, ఊరికే కళ్ళు మూసుకున్నాను" అన్నావు. సరేలే అన్నాను. ఇంట్లో మాత్రం పగలు నడుం వాల్చినా మిషను పెట్టుకుని పడుకో. ఇది తమ్ముడి సలహా కాదు, నీ డాక్టరుని అడిగి చూడు, ఆయనా అదే అంటాడు.

ఇంకొకటి. కార్డు చూసి డాక్టరు సంతకం పెట్టిన రోజు కూడా నాకు లోపల పూర్తిగా ధైర్యం చిక్కలేదు. రోజూ తాళం తిప్పేటప్పుడు చెయ్యి కొంచెం వణికేది, ఎవరికీ చెప్పలేదు. కాపలా కాయడానికి వచ్చిన మనిషివి నువ్వు నా వెనక కూర్చుని అంత ఒళ్ళు మరిచి నిద్రపోయాక, ఈ పొద్దున వణకలేదు.

నీ డ్రైవరు తమ్ముడు